కాళహస్తి వ్రాతపనిలో రంగుల విద్య

పెండ్లికొడుకు, పెండ్లికూతురు ఇంటి గడపలో అడుగు పెట్టబోయేటప్పుడు ముత్తైదువలు పళ్ళెంలో ఎర్రనీళ్ళు తెచ్చి దిష్టి తీయడం మనమందరం చూసినదే. ఆ ఎరుపు ఎక్కడి నుంచి వచ్చింది? పళ్ళెంలో కలిపినవి పసుపు, సున్నం. రెండింటిలోను ఎరుపు లేదు. పసుపులో కుర్కుమిన్ అనే పదార్థమున్నది. సున్నం వంటి క్షారం తగిలినప్పుడు అది ఎర్రబారుతుంది. ఆ నీళ్ళలో నిమ్మకాయ పిండి చూడండి. ఆమ్లం చేరగానే నీళ్ళు మళ్ళీ పచ్చబడతాయి.

దిష్టి తీసిన నీళ్ళను వీధిలో పారబోస్తారు. ఆ ఎరుపు పది నిమిషాలు నిలిస్తే చాలు. పసుపు పూసిన గుడ్డ కూడా నాలుగు ఎండలు తగిలితే వెలిసిపోతుంది. కాని దేవుని రథానికి ఏటేటా కట్టే గుడ్డమీద రాముని కథ చిత్రించవలసి వస్తే? ఆ రంగు ఎండకు, నీటికి, ఉతుకుకు ఆగాలి. రంగుకు ఒక అర్థమున్నదంటే, ఆ అర్థం నిలవడానికి ముందు రంగు నిలవాలి. ఈ సమస్యను మన ప్రాంతపు చిత్రకారులు ఎట్లా పరిష్కరించారో శ్రీకాళహస్తి కలంకారీలో చూడవచ్చు.

శ్రీకాళహస్తి స్వర్ణముఖి ఒడ్డున ఉన్న పుణ్యక్షేత్రం. పూర్వం చిత్తూరు జిల్లాలో ఉండేది. 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నది. ఇక్కడి కలంకారీకి వ్రాతపని అనే పేరు కూడా ఉన్నది. మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. ఇక్కడ చేతితోనే వ్రాస్తారు. వెదురుపుల్లను చెక్కి, మొనకు కొంచెం పైన ఉన్నిని గాని గుడ్డను గాని చుట్టి, దారంతో బిగిస్తే కలం తయారవుతుంది. చుట్టిన ఉన్ని రంగును పీల్చుకొంటుంది. వేలితో నొక్కితే మొనలోకి దిగుతుంది. ఈ కలంతో దేవాలయాలలో కట్టే తెరలు, రథాల గుడ్డలు వ్రాసేవారు. నడుమ పెద్ద చిత్రం, చుట్టూ వరుసలుగా కథాఘట్టాలు, వాటి కింద తెలుగు అక్షరాలు ఉంటాయి.

అక్షరాలు రానివారికి రంగులే పాత్రల పేర్లు చెబుతాయి. సాధారణంగా రాముడు, కృష్ణుడు వంటి దేవతలకు నీలం, స్త్రీలకు పసుపుపచ్చ, రాక్షసులకు ఎరుపు, ఆకుపచ్చ వాడతారు. నల్లని గీత అన్ని పాత్రలకూ హద్దు. నూరు రకాల వన్నెలు ఇక్కడ లేవు. నలుపు, ఎరుపు, పసుపు, నీలం, ఒకదానిమీద ఒకటి వేయగా వచ్చే మరి కొన్ని మాత్రమే ఉన్నాయి. గుడ్డమీద నిలిచే ఈ కొద్ది రంగులతోనే కథంతా చెప్పాలి గనుక ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పని ఏర్పడింది.

నూలుగుడ్డకు రంగు పట్టడం సులభం కాదు. మొదట ముతక గుడ్డను పేడనీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరవేసి తెల్లబరుస్తారు. తరువాత కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలో టానిన్‌లు అనే వగరు పదార్థాలు మెండుగా ఉన్నాయి; అవి నూలుపోగును పట్టుకొంటాయి. పాలలోని కొవ్వు వలన కలంతో గీసిన గీత పక్కలకు పాకదు. ఇట్లా సిద్ధం చేసిన గుడ్డమీద చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీస్తారు.

ఆపైన నలుపు వేస్తారు. ఇనుపముక్కలను బెల్లపు నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. బెల్లంలోని చక్కెర పులిసి సారాయిగా, తరువాత సిర్కాలో ఉండే ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. ఈ ద్రవాన్ని కసిం అంటారు. చూడటానికి ఇది నల్లగా ఉండదు. గుడ్డమీది కరక్కాయ టానిన్‌ను, గాలిలోని ఆక్సిజన్‌ను కలుసుకొన్న తరువాతనే గీత నల్లబడుతుంది. ఐరోపాలో శతాబ్దాల పాటు దస్తావేజులు వ్రాసిన సిరా కూడా ఇనుము, టానిన్‌ల కలయికే. దీనికి ఒక లోపమున్నది. ఇనుము ఎక్కువైతే కాలక్రమాన పోగును తినివేస్తుంది. అందుకే చాలా పాత గుడ్డలలో నల్లని గీత ఉన్నచోటనే చిరుగులు కనబడతాయి.

ఎరుపు కథ ఇంకా విచిత్రమైనది. చిత్రకారుడు ఎరుపు రావలసిన చోట ఎర్రరంగు పూయడు. పటిక నీళ్ళు పూస్తాడు. ఆరిన తరువాత, పోగును పట్టని పటిక కొట్టుకొనిపోయేటట్లు గుడ్డను పారే నీటిలో ఉతుకుతారు. పిమ్మట చిరివేరు గాని మంజిష్ఠ గాని వేసిన నీళ్ళలో గుడ్డనంతా ఉడికిస్తారు. పటిక పూసినచోట ఎరుపు గట్టిగా పడుతుంది. మిగిలినచోట పట్టిన లేత ఛాయ పేడనీళ్ళలో నానబెట్టి, నీళ్ళు చల్లుతూ ఎండబెట్టగా పోతుంది.

చిరివేరులోని ముఖ్యమైన రంగు పదార్థం అలిజరిన్. అది తనంతట తాను నూలును పట్టుకోలేదు. పటికలో అల్యూమినియం అనే లోహమున్నది. ఆ లోహం ఒక చేతితో పోగును, ఇంకొక చేతితో అలిజరిన్‌ను పట్టుకొంటుంది. ఇటువంటి పదార్థాలను వర్ణబంధకాలు అంటారు. ఫ్రెంచివారు పెట్టిన పేరు మోర్డెంట్. కొరికి పట్టుకొనేది అని దాని అర్థం. పటికకు బదులు ఇనుము ఉంటే అదే అలిజరిన్ ఊదారంగు ఇస్తుంది. అందుచేత ఒకే కాగులో ముంచిన ఒకే గుడ్డమీద వేరువేరు రంగులు తేలుతాయి. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమను రచయిత ప్లినీ ఈజిప్టులో ఇటువంటి అద్దకాన్ని గురించి ఆశ్చర్యపడుతూ వ్రాశాడు. మొహెంజొదారోలో వెండి పాత్రకు అంటుకొని దొరికిన నూలుగుడ్డ ముక్కలో కూడా మంజిష్ఠజాతి ఎరుపు కనబడింది. వర్ణబంధకాల విద్య మన దేశంలో అంత పాతది.

శేషాచలం కొండల ఎర్రచందనం ఉండగా చిత్రకారులు వేళ్ళకోసం ఎందుకు వెదికారని విద్యార్థులు అడగవచ్చు. ఎర్రచందనంలోని శాంటలిన్ సారాయిలో కరుగుతుంది గాని నీటిలో దాదాపు కరగదు. ఎర్రగా కనబడేదంతా నూలుకు రంగు కాజాలదు.

నీలానికి వర్ణబంధకం అక్కరలేదు. నీలిమందు నీటిలో కరగదు. తొట్టిలో పులియబెడితే కరిగే రూపానికి వస్తుంది. గుడ్డ బయటికి తీయగానే గాలి తగిలి మళ్ళీ నీలమై పోగులోనే చిక్కుకొంటుంది. పొరుగున ఉన్న కడప ప్రాంతం ఒకప్పుడు నీలిమందు ఎగుమతికి పేరుపొందినది. ఇక పసుపుపచ్చను కరకపువ్వు, దానిమ్మ బెరడు వంటివాటి నుంచి తీస్తారు. పచ్చమీద నీలం వేస్తే ఆకుపచ్చ అవుతుంది. అన్నింటిలో బలహీనమైనది ఈ పసుపుపచ్చే. వెలుతురుకు ముందుగా వెలిసేది అదే. పాత గుడ్డలలో ఆకులు నీలంగా కనబడటానికి కారణమిదే. ఆకుపచ్చని పాత్ర కొన్నాళ్ళకు దేవతల నీలంలోకి దిగిపోవచ్చు! పాత చిత్రంలో రంగుల అర్థం చదివేవారు ఈ సంగతి మరువరాదు.

పదిహేడవ శతాబ్దంలో కోరమండల తీరపు అద్దకపు గుడ్డలు ఐరోపాను ముంచెత్తాయి. ఉతికినా పోని రంగు అక్కడివారికి వింత. తమ నేతగాండ్రను కాపాడుకోవడానికి ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను, మరల 1721లోను నిషేధాలు పెట్టాయి. తెలుగు, సంస్కృతం నేర్చిన కేర్దూ అనే ఫ్రెంచి మతాచార్యుడు అద్దకపువారిని అడిగి తెలుసుకొని, ఈ పద్ధతినంతా 1742లో ఒక లేఖగా వ్రాసి పంపాడు. మన చేతులలో ఉన్న విద్య అక్కడ కాగితమెక్కింది. 1868లో గ్రేబె, లీబర్మన్ అనే జర్మను శాస్త్రజ్ఞులు అలిజరిన్‌ను తారునుంచి తీసిన ఆంత్రసీన్‌తో తయారుచేశారు. 1897లో కృత్రిమ నీలిమందు బజారులోకి వచ్చింది. వేళ్ళు త్రవ్వే పని, నీలి సాగు క్షీణించాయి.

ఇరవయ్యవ శతాబ్దం నడుమకు కాళహస్తిలో ఈ పని తెలిసినవారు కొద్దిమందే మిగిలారు. కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1957లో అక్కడ శిక్షణ కేంద్రం ఏర్పడింది. తండ్రి వద్ద ఈ విద్య నేర్చిన జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. శ్రీకాళహస్తి కలంకారీకి 2005-06లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

అయినా బజారులో కలంకారీ పేరుతో అమ్మేవన్నీ వ్రాతపని కావు. యంత్రంతో అచ్చువేసినవీ ఉన్నాయి. తేడా తెలియడానికి బడిలోనే ఒక ప్రయోగం చేయవచ్చు. మూడు నూలుగుడ్డ పీలికలను కరక్కాయ కషాయంలో ముంచి ఆరబెట్టండి. ఒకదానిని పటిక నీళ్ళలో, రెండవదానిని తుప్పుమేకులు వారం రోజులు నానిన సిర్కాలో ముంచండి. మూడవదానిని అట్లాగే ఉంచండి. అన్నింటినీ ఆరబెట్టి, కడిగి, మూలికల అంగడిలో దొరికే మంజిష్ఠ పొడితో ఒకే గిన్నెలో ఉడికించండి. పొయ్యి దగ్గర ఉపాధ్యాయులు ఉండాలి. తరువాత మూడింటినీ ఉతికి, సగభాగం అట్టతో కప్పి, నెల రోజులు ఎండలో ఉంచి పోల్చండి.

ఇదే ప్రయోగాన్ని ఒకసారి వాననీటితోను, ఇంకొకసారి మీ ఊరి బోరునీటితోను చేయండి. నీటిలో ఇనుము కరిగి ఉంటే పటిక ఇచ్చే ఎరుపు మసకబారుతుంది. అప్పుడు కాళహస్తి చిత్రకారునికి స్వర్ణముఖి ప్రవాహం ఎంత ముఖ్యమో బోధపడుతుంది. స్వర్ణముఖి ఏడాది పొడవునా పారే నది కాదు. కలం, కరక్కాయ, పటిక, వేరు అన్నీ సిద్ధంగా ఉన్నా, ఉతకడానికి మంచినీరు లేనినాడు ఆ ఎరుపు రాదు. రథపు గుడ్డమీది రాక్షసుని రంగులో అల్యూమినియంతో పాటు ఒక ఏటి నీరు కూడా ఉన్నది.