ప్రవాహంతో పోటీ వద్దు!

గోదావరి మీద నాటుపడవలు నడవడం మీరు చూశారా? వాలుకు పోయే పడవ నది నడిమధ్యనే హాయిగా సాగిపోతుంది. అదే పడవ ఏటికి ఎదురు వెళ్ళవలసి వస్తే, పడవవాడు దాన్ని ఒడ్డు వెంబడే నడుపుతాడు. ఒడ్డు దగ్గర నీటి వడి తక్కువని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ చిన్న సంగతే సముద్రగర్భంలో మనిషి ప్రాణాన్ని కాపాడగలదంటే నమ్ముతారా? అదెలాగో తెలుసుకోవాలంటే మనం మాల్దీవులదాకా వెళ్ళాలి.

భారతదేశానికి నైరుతి దిక్కున, హిందూ మహాసముద్రంలో, సుమారు 1,200 చిన్న దీవులు ఉత్తర దక్షిణాలుగా బారులు తీరి ఉన్నాయి. ఇవే మాల్దీవులు. ఇవి ఉంగరాల ఆకారంలో పెరిగిన పగడపు దిబ్బల మీద ఏర్పడ్డాయి. అలాంటి ఉంగరాన్ని 'అటాల్' అంటారు. ఈ మాటను ప్రపంచ భాషలకు ఇచ్చింది మాల్దీవుల ప్రజలు మాట్లాడే దివేహి భాషే. ఉంగరం బయట లోతైన మహాసముద్రం, లోపల ప్రశాంతమైన మడుగు. రెండింటినీ కలుపుతూ ఉంగరంలో అక్కడక్కడ గండ్లు ఉంటాయి. వీటిని అక్కడివారు 'కండు' అంటారు. సముద్రపు నీరు పరుగులు తీసేది ఈ గండ్లలోనే.

ఎందుకలా? లెక్క వేసి చూద్దాం. మాల్దీవుల్లో పోటుకూ పాటుకూ నీటిమట్టంలో తేడా పెద్దదేమీ కాదు, ఎక్కువ పోటు ఉన్న రోజుల్లో మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. కాని 10 కిలోమీటర్ల పొడవు, 10 కిలోమీటర్ల వెడల్పు ఉన్న మడుగులో నీరు ఒక్క మీటరు పెరగాలంటే 10 కోట్ల ఘనమీటర్ల నీరు లోపలికి రావాలి. అదీ కొద్ది గంటల్లోనే! ఆ నీటిలో చాలా భాగం ఇరుకైన గండ్లలోంచే దూరిరావాలి. రబ్బరు గొట్టం మూతిని బొటనవేలితో సగం మూస్తే నీరు ఎంత జోరుగా చిమ్ముతుందో మీకు తెలుసు కదా! ఇక్కడా జరిగేది అదే. దీనికి తోడు ఋతుపవనాలున్నాయి. ఈశాన్య ఋతుపవన కాలంలో ప్రవాహం ఎక్కువగా తూర్పు నుంచి పడమరకు, నైరుతి కాలంలో పడమర నుంచి తూర్పుకు సాగుతుంది.

పగడం రాయి కాదు, జంతువుల కాలనీ. ఒక్కొక్క జీవి చాలా చిన్నది. దాని శరీరంలో నివసించే సూక్ష్మ శైవలాలు సూర్యకాంతితో ఆహారం తయారుచేసి దానికి కొంత ఇస్తాయి. అది చాలక పగడపు జీవి తన సన్నని స్పర్శకాలను చాచి, నీటిలో తేలివచ్చే ప్లవకాలను పట్టి తింటుంది. పాపం, అది కదలలేదు! ఆహారమే దాని దగ్గరకు రావాలి. తెచ్చేది ఎవరు? ప్రవాహమే. ప్లవకాల కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్ద చేపలు, వాటి కోసం సొరచేపలు గండ్ల ముఖద్వారాల దగ్గర చేరతాయి. అందుకే నీరు జోరుగా పారే చోటనే దిబ్బ కళకళలాడుతుంది. ఆ వైభవం చూడాలని వెళ్ళే డైవర్లు కూడా ఆ జోరులోకే దిగాలి.

సమస్య అక్కడే మొదలవుతుంది. కాళ్ళకు రబ్బరు రెక్కలు కట్టుకున్న డైవరు సెకనుకు సుమారు అర మీటరు వేగంతో ఈదగలడు. ఆ మాత్రం వేగమున్న ప్రవాహానికి ఎదురీదితే ఉన్నచోటనే ఉంటాడు! ప్రవాహవేగం రెట్టింపయితే నీరు అతన్ని నెట్టే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. వేగం మూడు రెట్లయితే బలం తొమ్మిది రెట్లు. ఎంతటి గజ ఈతగాడైనా దీన్ని గెలవలేడు.

ఓడిపోవడం ఒక్కటే కాదు, గాలి కూడా ఖర్చవుతుంది. 11 లీటర్ల సిలిండరులో వాతావరణ పీడనానికి 200 రెట్ల పీడనంతో గాలి నింపారనుకోండి. అది మామూలు పీడనం వద్ద 2,200 లీటర్ల గాలికి సమానం. నిమిషానికి 20 లీటర్లు పీలిస్తే నీటిపైన 110 నిమిషాలు వస్తుంది. కాని 20 మీటర్ల లోతులో పీడనం మూడు రెట్లు. ప్రతి శ్వాసకూ మూడు రెట్ల గాలి కావాలి. అంటే అది 37 నిమిషాలకు మించి రాదు. ఎదురీతతో ఆయాసపడి రెండింతలు పీల్చితే? 18 నిమిషాలే!

కంగారుపడి ఒక్కసారిగా పైకి దూసుకురావచ్చు కదా అంటారేమో. అది మరీ ప్రమాదం. పీడనం తగ్గితే వాయువు ఘనపరిమాణం పెరుగుతుందని బాయిల్ నియమం. 10 మీటర్ల లోతులో ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లోని గాలి రెండింతలు కావాలని చూస్తుంది. అవి చిట్లిపోవచ్చు. పైగా లోతులో రక్తంలో కరిగిన నత్రజని, గోలీ నొక్కగానే సోడా పొంగినట్లు, బుడగలుగా బయటపడుతుంది. అందుకే మామూలుగా ఊపిరి తీస్తూ వదులుతూ, నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రావాలి. 5 మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగాలి.

మరి తెలివైన డైవరు ఏం చేస్తాడు? ముందుగా వేళ చూసుకుంటాడు. నీరు మడుగులోకి వచ్చే సమయంలోనే దిగుతాడు. అప్పుడు కొట్టుకుపోయినా ప్రశాంతమైన మడుగులోకే చేరతాడు. నీరు వెలుపలికి పోతున్నప్పుడు దిగితే నడిసముద్రం పాలవుతాడు! దిగాక దిబ్బకు దగ్గరగా, దాన్ని తాకకుండా ఉంటాడు. నేల రాపిడివల్ల అక్కడ నీటి వడి తక్కువ. మన పడవవాడి కిటుకే ఇది! పట్టు కావాలంటే ప్రాణంలేని రాతినే పట్టుకుంటాడు. ఎందుకంటే గుండ్రాయిలా పెరిగే పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. ఒక్క పట్టుతో ఏళ్ళ తరబడి పెరిగినది విరిగిపోతుంది. తాను వదిలిన గాలిబుడగలు పైకి పోకుండా కిందికి పోతున్నాయంటే, దిబ్బ గోడను తాకిన నీరు తనను కిందికి లాగుతోందని గ్రహిస్తాడు. దానికి నేరుగా ఎదురీదడు. పక్కకు ఈది ఆ ధార నుంచి తప్పుకుంటాడు. పైకి వచ్చేటప్పుడు నారింజరంగు బుడగను ముందుగా వదులుతాడు. దాన్ని చూసి పడవ అతని దగ్గరకే వస్తుంది. ఆ పడవను అక్కడ 'ధోని' అంటారు. మన 'దోనె' గుర్తుకు రావడం లేదూ?

ఈసారి కాలువ గట్టు మీదికి వెళ్ళినప్పుడు, నీటిలో దిగకుండానే రెండు ఎండుటాకులు వేయండి, ఒకటి నడిమధ్యన, రెండోది ఒడ్డు పక్కన. ఏది ముందు పోతుందో చూడండి. డైవరుకు ప్రాణం నిలిపే పాఠం ఆ రెండు ఆకులూ మీకు నేర్పుతాయి.