పెరటి గుంటలో నీటిరంగు: వసంతమున చేయవలసిన పనులు

ఫాల్గుణ చైత్రమాసములు వచ్చుసరికి పెరటియందు చేపలగుంట గల మన సంఘసభ్యులు పలువురు ఒకే ప్రశ్న నడుగుచుందురు: "గుంటలో నీరు పచ్చబాఱినది. తేటపడుటకు మందేమి?" ఇందుకు మేము చెప్పు సమాధానము వినువారికి మొదట రుచింపదు. అడుగుననున్న గులకరాయి కూడ కనబడునంతటి తేటనీరు చూచుటకు ఇంపుగా నుండును గాని, కట్ల, రోహు మొదలగు చేపలకు అది ఉపవాసపు నీరు. పచ్చదనమును పూర్తిగా పోగొట్టబూనుట, చేను పచ్చగా నున్నదని పైరు కోసివేయుట వంటిది.

నీటికి ఆ పచ్చదన మెక్కడిది? కంటికి విడివిడిగా కనబడని మిక్కిలి సూక్ష్మమైన మొక్కలు ఎండవలనను ఎఱువువలనను నీటిలో పెరుగును. వీనిని సన్నని నీటిపురుగులు తినును. ఆ మొక్కలును పురుగులును చేపలకు మేత యగును. అంతియే కాదు. పగటివేళ ఈ మొక్కలు ఎండ సాయమున ప్రాణవాయువును నీటిలోనికి విడుచును. చేపలు శ్వాసించు వాయువులో పెద్దభాగము వీనినుండి వచ్చినదే. కావున లేత ఆకుపచ్చ రంగు గుంటకు ఆరోగ్యచిహ్నము. మనము కోరవలసిన తేటదనము వేరు: నీటిలో బురద యుండరాదు, పైన తెట్టు కట్టరాదు, దుర్గంధము పుట్టరాదు.

పచ్చదనము మితముగా నున్నదో, మీరినదో తెలిసికొనుటకు పరికరము లక్కఱలేదు. ఉదయము పదిగంటలు దాటి ఎండ బాగుగా కాయువేళ గట్టుమీద కూర్చుండి చేతిని నిటారుగా నీటిలోనికి దింపవలెను. మోచేయి మునుగునప్పటికి అరచేయి కనబడకుండ పోయినచో నీరు సరిగా నున్నదని యర్థము. మణికట్టు మునుగునంతలోనే వ్రేళ్లు మాయమైనచో పచ్చదనము హద్దుమీరినది. భుజము వఱకు దింపినను వ్రేళ్లు కనబడుచుండినచో చేపలకు మేత చాలదు, ఎఱువు వేయవలసియున్నది. బురదనీరు కూడ చేతిని దాచును గనుక, ఒక గాజుగ్లాసుతో నీరు ముంచి వెలుతురున చూచినచో అది మన్నో పచ్చదనమో తేలిపోవును. వారమున కొకమాఱు ఈ పరీక్ష చేయువారు మోసపోవుట అరుదు.

వసంతముననే పచ్చదనము హద్దుమీరుటకు కారణము గలదు. ఎండలు ముదిరి నీరు తగ్గిపోవును. శీతకాలమంతయు అడుగున చేరిన పేడయు, చేపలు తినక విడిచిన తవుడును వేడికి క్రుళ్లి తమ సారమును ఆ తక్కువనీటిలోనికి విడుచును. మొక్కలు ఒక్కసారిగా విజృంభించును. పగలు ప్రాణవాయువు నిచ్చు ఈ మొక్కలే రాత్రివేళ చేపలవలె దానిని పీల్చును. కావున తెల్లవాఱుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా నుండును. పైగా నీరు వేడెక్కినకొలది ప్రాణవాయువు దానిలో తక్కువగా ఇముడును. 20 సెంటిగ్రేడు డిగ్రీలయొద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడగా, 30 డిగ్రీలయొద్ద ఏడున్నర మాత్రమే ఇముడును. ఆ మీద ఒకటిరెండు దినములు మబ్బు పట్టెనా, పగటి రాబడి కూడ తగ్గును.

ఇట్టి గుంటలో మైలుతుత్తము వేయవలదని మేము గట్టిగా చెప్పుచున్నాము. మే మెఱిగిన యొక గ్రామమున ఒక రైతు, పెండ్లికని అట్టిపెట్టుకొన్న చేపలు గల గుంటలో, ఎవరో చెప్పగా విని, సాయంకాలము మైలుతుత్తము కరగించి చల్లెను. మఱునాటికి నీరు విఱిగి తేటపడెను. ఇరుగుపొరుగువారు వచ్చి చూచి మెచ్చుకొనిరి. మూడవనాటి ఉదయమునకు కిలో తూగు చేపలన్నియు తెల్లని పొట్టలు పైకి చేసి తేలెను. తుత్తము స్వయముగా చేపలకు విషమే. దానికి తోడు చచ్చిన మొక్కలన్నియు ఒకేసారి క్రుళ్లుచు నీటిలోని ప్రాణవాయువును లాగివైచినవి. ఏడాది మేత, ఏడాది కష్టము రెండు రాత్రులలో పోయినవి.

పచ్చదనము మీరినప్పుడు ముందుగా పేడయు మేతయు ఆపవలెను. పిదప గుంటనీటిలో నాలుగవవంతు తోడి తోటకు పాఱించి, దానికి బదులు క్రొత్తనీరు పెట్టవలెను. ఆ పాఱించిన నీరు కూరపాదులకు మంచి సారము. తెల్లవాఱుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచి గ్రుక్కలు మ్రింగుచుండినచో అది ఆపద. అప్పుడు మోటారునీటిని పలకమీద పడి చిమ్మునట్లు గుంటలోనికి విడువవలెను. నీరు లేనివారు వెదురుబొంగులతో నీటిని కొట్టుచు ప్రొద్దెక్కువఱకు కలచుచుండవలెను. ఎండ రాగానే చేపలు క్రిందికి దిగును. దానిని చూచి "సర్దుకొన్న"దని యూరకుండువారు మఱుసటి వేకువను మఱువరాదు. డెల్టా సభ్యులు కాలువలు కట్టకమునుపే గుంట నింపుకొనుట మేలు. ఆ తరువాత బావినీరే దిక్కు.

కొన్ని గుంటలలో నీటిపై ఇటుకపొడి రంగున తెట్టు కట్టును. ఇది వెలుతురును అడ్డగించును. గడ్డివెంటి పేని, రెండుగట్ల నిద్దఱు పట్టుకొని నీటిపై లాగినచో తెట్టు ఒకమూలకు చేరును. దానిని ఎత్తి పాఱవేయవచ్చును.

బురదనీటి సంగతి వేరు. మన పెద్దలు త్రాగునీటి కుండలో చిల్లగింజ నరగదీసి కలిపి తేటపఱచుకొనెడివారు. కుండకు సరిపోయినది గుంటకు సరిపోదు. గేదెలు దిగుచున్నంతకాలము ఏ మందును పనిచేయదు. గట్లు బోడిగా నుండి వానకు మన్ను జాఱుచున్నను అంతే. కావున గేదెలకు వేఱుచోటు చూపి, గట్లపై గడ్డి నాటించి, అటుపిమ్మట సెంటునకు అరకిలో చొప్పున సున్నము కలిపిన నీరు చల్లవలెను.

వేపయు రావియు ఆకు రాల్చు కాలమిది. గుంటపైకి వ్రాలిన కొమ్మలను నఱికి, పడిన ఆకులను వలతో తీసివేయవలెను. నీటిలో క్రుళ్లిన ఆకు రంగును చెఱచి ప్రాణవాయువును హరించును. గుఱ్ఱపుడెక్కను వేళ్లతోసహా పెఱికి ఎఱువుగోతిలో వేయవలెను. మెత్తని నాచునైతే గడ్డిచేపలు తినివేయును. పది సెంట్ల గుంటకు అట్టివి నాలుగైదు చాలును. అవి గుఱ్ఱపుడెక్కను నమ్మకముగా తినునని మాత్రము ఎవరు చెప్పినను నమ్మవలదు.

చేపలు పట్టివేసిన గుంట గలవారి పని సులభతరము, ఫలము అధికము. వారు నీరంతయు తోడి, అడుగు నెఱలు విచ్చువఱకు ఎండబెట్టవలెను. పైనున్న నల్లబురదను జానెడు తీసి పొలమునకు తోలుకొనవలెను. చెఱువుమన్ను విలువ రైతునకు మేము చెప్పనక్కఱలేదు. పిదప సెంటునకు ఒక కిలో చొప్పున సున్నము చల్లవలెను. వారము దాటినపిమ్మట సెంటునకు ఇరువదికిలోల పశువులపేడ వేసి నీరు పెట్టినచో, కొలదిదినములలో లేతపచ్చ రంగు దిగును.

నీరు పూర్తిగా తోడుటకు వీలులేని గుంటలలో కొఱమీను, వాలుగ, జెల్ల వంటివి దాగియుండి పిల్లలను మ్రింగును. అట్టిచోట ఇప్పపిండి శ్రేష్ఠము. మీటరులోతు నీటికి సెంటునకు పదికిలోలు నానబెట్టి చల్లినచో చేపలన్నియు తేలును. వానిని తినవచ్చును. విషము విఱుగుటకు మూడువారములు పట్టును గనుక అంతవఱకు క్రొత్తపిల్లలను విడువరాదు. పిండియే తరువాత ఎఱువగును. పేడ సగము వేసిన చాలును.

పిల్లల విషయమున పూర్వులకంటె మనము అదృష్టవంతులము. ఒకప్పుడు వరదకాలమున నదులలో వలకట్టి గ్రుడ్లను పిల్లలను పట్టెడివారు. వానిలో మాంసాహారిచేపల పిల్లలును కలిసియుండెడివి. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి గారలు చేప మెదడునందలి గ్రంథిరసమును సూదిద్వారా ఎక్కించి మన కార్పుచేపలచేత గ్రుడ్లు పెట్టించిరి. నేడు జాతి తెలిసిన పిల్లలు కొనుటకు దొరకుట ఆ పనివలననే.

వానలు పడి నీరు చల్లబడిన పిమ్మట నాలుగంగుళముల పిల్లలను సెంటునకు ఇరువది చొప్పున విడువవచ్చును. పది సెంట్లకు రెండువందలు: కట్ల ఎనుబది, రోహు అఱువది, మోసు అఱువది. ఐదడుగుల నీరు నిలువనిచోట సగమే చాలును. ఆశపడి ఎక్కువ విడిచినవారి చేపలు ఏడాదికిని అరచేతిని మించవు. పిల్లలసంచిని పావుగంటసేపు గుంటనీటిపై తేలనిచ్చి, లోపలినీరు బయటినీరు ఒక వేడిమికి వచ్చినపిదప మూతి విప్పి వంపవలెను. చల్లని వేళలయందే ఈ పని చేయవలెను.

మేతగా తవుడును వేరుసెనగచెక్కయు సమపాళ్లలో కలిపి, అడుగున చిల్లులు పొడిచిన సంచిలో పోసి, గుంటలో నాటిన కఱ్ఱకు కట్టవలెను. కొల్లేటి ప్రాంతపు రైతులు ఈ పద్ధతి నెఱుగుదురు. చేపలు చిల్లులయొద్ద మూతి పెట్టి తినును, మేత అడుగున పడి వ్యర్థముకాదు. రెండు మూడు గంటలకు సంచి తీసి చూచి, మేత మిగిలియుండినచో మఱునాడు అంత తగ్గింపవలెను.