మస్తిష్క పక్షవాతము గల పిల్లలకు ఆయుర్వేద చికిత్స

“మా పిల్లగాడు నడుస్తడా అయ్యా?” పెద్దవంగర వంటి పల్లెల నుండి బిడ్డను భుజాన వేసుకొని వచ్చు తల్లులు వైద్యుని మొదట అడుగు ప్రశ్న ఇదియే. దీనికి తొందరపడి జవాబు చెప్పరాదు.

గర్భములో గాని, కాన్పు వేళ గాని, పుట్టిన తొలి దినములలో గాని మెదడు దెబ్బతినుటచే సెరిబ్రల్ పాల్సీ కలుగును. నెలలు నిండక పుట్టుట, ప్రాణవాయువు అందకపోవుట, తీవ్రమైన కామెర్లు, మెదడువాపు ఇందుకు ముఖ్య కారణములు. 4 నెలలకు తల నిలుపకున్నను, 9 నెలలకు కూర్చొనకున్నను, ఏడాదిలోపే ఒక చేతిని మాత్రమే వాడుచున్నను వెంటనే పిల్లల వైద్యునికి చూపవలెను. మెదడులోని దెబ్బ పెరుగదు; కాని ఉపేక్షించినచో కండరములు బిగిసి కీళ్ళు ముడుచుకొనును.

కాశ్యప సంహితలో ఏడాది నిండినను నడువని శిశువు వ్యాధిని ‘ఫక్క’ మనిరి. నడక నేర్పుటకు మూడు చక్రముల బండిని చెప్పిరి. ఫక్కమంతయు సెరిబ్రల్ పాల్సీ కాదు. అయినను ఔషధముతో పాటు వ్యాయామము కావలెనన్న సూత్రము నేటికిని వర్తించును.

అభ్యంగము: పాలు త్రాగిన గంట తరువాత, గోరువెచ్చని క్షీరబలా తైలముతో 15 నిమిషములు మృదువుగా మర్దించి, కీళ్ళను నెమ్మదిగా ఆడించి, వెచ్చని నీట స్నానము చేయించవలెను.

పిండస్వేదము: షష్టికశాలి బియ్యమును పాలు, బలామూల కషాయములలో ఉడికించి, మూటకట్టి కాపడము పెట్టుదురు. దీనిని, వస్తికర్మను వైద్యుని వద్దనే చేయింపవలెను. జ్వరము, అజీర్ణము, విరేచనములు ఉన్నపుడు ఇవేవియు కూడదు.

మూర్ఛ మందులను ఎట్టి పరిస్థితిలోను మానరాదు. అంగడిలో కొన్న భస్మములను ఇయ్యరాదు. ముక్కులో, చెవిలో నూనె పోయరాదు. వాతలు పెట్టించుట క్రూరము, నిష్ప్రయోజనము. పడుకోబెట్టి తినిపించినచో ఆహారము ఊపిరితిత్తులలోనికి పోవచ్చును, కూర్చుండబెట్టియే తినిపించవలెను.

ఫిజియోథెరపీతో పాటే ఈ చికిత్స సాగవలెను. వరంగల్లు అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలో సలహా పొందవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఈ వ్యాధియు చేరినది. కావున ధ్రువపత్రము తీసికొనుట మరువరాదు.

ఇక ఆ తల్లి ప్రశ్నకు జవాబు: దెబ్బతిన్న మెదడు భాగమును ఏ తైలమును తిరిగి తేలేదు. నయము చేసెదమని వేలు గుంజువారిని నమ్మవద్దు. రెండేండ్లలోపు తానై కూర్చొన్న పిల్లలలో పెక్కుమంది తరువాత నడుతురు. నడువలేని బిడ్డకైనను బిగువు తగ్గి, నిద్ర పట్టి, చేయి నోటికి చేరినచో అదియు గెలుపే.