సొరకాయ తింటే పసివాడికి జలుబు చేస్తుందా?

ఆరో నెలలో అన్నప్రాశన కాగానే ఇంట్లో కూరగాయల పంచాయితీ మొదలవుతుంది. సొరకాయ పెడితే జలుబు చేస్తుందని అమ్మమ్మ, వంకాయ దురదని నానమ్మ, చామదుంప జోలికే వెళ్లొద్దని పక్కింటి పిన్నిగారు. అందరి మాటా విన్న తల్లి చివరికి క్యారెట్టు, బంగాళాదుంపల దగ్గరే ఆగిపోతుంది. ఈ మాటల్లో నిజమెంత?

చామదుంప మీద భయం ఊరికే పుట్టలేదు. దాని కణాల్లో కాల్షియం ఆక్సలేట్ సన్నని సూదుల కట్టలుగా ఉంటుంది. దుంప సరిగ్గా ఉడక్కపోతే అవి నాలుకకూ గొంతుకూ గుచ్చుకుంటాయి, దురద అందుకే. మెత్తగా ఉడికించి పులుసు పెడితే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. వంకాయలో హిస్టమిన్ సహజంగానే కొంత ఉంటుంది కాబట్టి కొందరికి దద్దుర్లు రావచ్చు. అలా వచ్చిన బిడ్డకు ఆపేసి డాక్టరును అడగాలి. మిగతా పిల్లలకు మాన్పించనక్కర్లేదు.

సొరకాయ సంగతి వేరు. జలుబు తెచ్చేవి వైరస్‌లు. 90 శాతానికి పైగా నీరే ఉన్న ఆ కాయకు జలుబుతో సంబంధం లేదు. దానిలో భయపడాల్సింది చేదుకు. దోసకాయ తరిగేటప్పుడు చిన్న ముక్క నోట్లో వేసుకుని, చేదైతే పారేయడం మన వంటిళ్లలో ఉన్న అలవాటే. సొరకాయకూ అదే చేయాలి. చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్లు ఉడికించినా పోవు, వాంతులూ రక్త విరేచనాలూ తెస్తాయి. చేదు సొరకాయ రసం తాగి కొందరు చనిపోయాక భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం కూడా చేదు కాయను వాడొద్దనే హెచ్చరించింది.

అందరూ మెచ్చే క్యారెట్టుకూ ఒక పద్ధతుంది. అందులోని బీటా కెరోటిన్ కొవ్వులో కరుగుతుంది, కాబట్టి ఉడికించి మెదిపి కాస్త నెయ్యి కలపాలి. పచ్చి క్యారెట్టు ముక్క మాత్రం పసివాళ్ల గొంతులో ఇరుక్కునే ప్రమాదముంది. పాలకూర పప్పులో నిమ్మరసం పిండితే, విటమిన్ సి వల్ల ఇనుము ఒంటికి మెరుగ్గా పడుతుంది.

ఇక రుచి. పిల్లలు పుట్టుకతోనే తీపిని ఇష్టపడతారు, చేదును వద్దంటారు. మిగతా ఇష్టాలు అలవాటుతో వచ్చేవే. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జూలీ మెనెల్లా బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భిణిగానో పాలిచ్చే రోజుల్లోనో క్యారెట్టు రసం తాగిన తల్లుల బిడ్డలు ఆ రుచికి తక్కువగా మొహం చిట్లించారు. ఒక కూరను ఎనిమిది, పది సార్లు రుచి చూపిస్తే చాలామంది పిల్లలు దారికొస్తారని ఇతర పరిశోధనలూ చెబుతున్నాయి. చాలా ఇళ్లలో మూడోసారికే ఆ కూర మూలపడుతుంది.

కొత్త కూరను ఒక్కోదాన్నే రెండు మూడు రోజులు పెట్టి చూడండి. దద్దుర్లో విరేచనాలో వస్తే దేనివల్లో తెలిసిపోతుంది. ఏమీ రాకపోతే, వాడు ఉమ్మేసినా సరే, వారం పోయాక అదే కూర ఇంకో చెంచా పెట్టండి.