చదరంగం గళ్ళు, ఇరవై అంకెలు

ఐర్లండులోని షానన్‌లో ఓ క్లయింటు దగ్గర పనిచేస్తున్నప్పటి మాట. ఇద్దరు వేర్వేరు కస్టమర్లు తెర మీద ఒకే నంబరుతో కనబడ్డారు. డేటాబేసులో చూస్తే నంబర్లు వేరుగానే ఉన్నాయి. ఒకరి బిల్లు ఇంకొకరికి వెళ్ళకముందే సంగతి తేల్చాలి. చివరికి, 64 బిట్లలో పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్యను పంపి చూశాను: 18446744073709551615. బ్రౌజరు 18446744073709552000 అని చూపించింది!

ఈ ఇరవై అంకెల సంఖ్య మనకి కొత్తదేం కాదు. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే 64 గళ్ళలోని మొత్తం గింజలు ఇన్నే. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన (పదకొండో శతాబ్దం వాడంటారు) పేరిట ఈ మొత్తాన్ని చెప్పే ఒక చంపకమాల ప్రసిద్ధం. అందులో అంకెలకు బదులు మాటలుంటాయి: చంద్రుడంటే 1, అగ్ని అంటే 3, వేదాలంటే 4, బాణాలంటే 5, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకి రాసుకుంటూ పోవాలి. నేను వేసి చూశాను, ఒక్క అంకె కూడా తేడా రాలేదు. పైగా మధ్యలో ఒక మాట జారిపోతే గణాలు తప్పి వెంటనే దొరికిపోతుంది. మన చెక్‌సమ్ లాంటిదే అనుకోండి.

ఈ సంఖ్యని విడగొట్టి చూస్తే ఇంకో తమాషా. 3, 5, 17, 257, 65537, 4294967297 – ఈ ఆరింటినీ గుణిస్తే సరిగ్గా ఇదే వస్తుంది. ఒక్కొక్కటీ దాని ముందున్న వాటన్నిటి లబ్ధం కంటే రెండు ఎక్కువ. మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే. ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా అనుకున్నాడు. కాని ఆరోది 641ని 6700417తో గుణిస్తే వస్తుందని 1732లో ఆయిలర్ తేల్చేశాడు.

మరి మా బ్రౌజరు చేసిన తప్పేమిటి? జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలన్నీ ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలే. అంకెలు దాచుకోవడానికి 53 బిట్లే ఉంటాయి. 9007199254740992 దాటాక పక్కపక్క సంఖ్యలు కలిసిపోవడం మొదలవుతుంది. మన సంఖ్య దగ్గరికొచ్చేసరికి 2048కి ఒక్కటే మిగులుతుంది. ఆ ఇద్దరు కస్టమర్లూ అలా ఒకటైపోయారు.

2020లో ప్రమాణంలోకి వచ్చిన బిగ్‌ఇంట్ వాడినా, సర్వరు నుంచి వచ్చే జేసన్‌ను మామూలుగా చదివితే అంకెలు ముందే పోతాయి. అందుకని నంబరును స్ట్రింగుగా, అంటే ఉత్త అక్షరాలుగా పంపించాం. సమస్య తీరిపోయింది. మల్లన పద్యం చేసిన పనీ అదే కదా!

మీ ప్రోగ్రాముల్లో పెద్ద నంబర్లుంటే ఈ ఇరవై అంకెలూ ఒకసారి పంపి చూడండి. చివర 1615 రాకపోతే ఆ రోజు ఇంటికి ఆలస్యంగా వెళతారు.