ఆరుషి కేసు: ఇంట్లో నలుగురు.. తెల్లారేసరికి ఇద్దరి హత్య.. మూడు దర్యాప్తులు చెప్పిన కథలేంటి? ఏదీ ఎందుకు నిలబడలేదు?

దేశం మొత్తాన్ని టీవీల ముందు కూర్చోబెట్టిన కేసు అది. 14వ పుట్టినరోజుకు వారం ముందు ఒక అమ్మాయి తన గదిలోనే, తన మంచం మీదే హత్యకు గురైంది. అదే ఇంట్లో పనిచేసే వ్యక్తి శవం మరుసటి రోజు మేడపైన దొరికింది. ముందు పోలీసులు, తర్వాత సీబీఐ, ఆ తర్వాత సీబీఐలోనే ఇంకో బృందం దర్యాప్తు చేశాయి. ఒక కోర్టు జీవిత ఖైదు వేసింది, ఇంకో కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చివరికి ఆ ఇద్దరినీ చంపింది ఎవరన్న ప్రశ్న మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

అసలు ఆ రాత్రి ఏం జరిగింది? ఎవరి వాదన ఏంటి? ఏ వాదన ఎక్కడ తేలిపోయింది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఆ రాత్రి ఏం జరిగింది?

2008 మే 15. ఢిల్లీ పక్కనే ఉన్న నోయిడా, సెక్టార్ 25, జలవాయు విహార్. డాక్టర్ రాజేష్ తల్వార్, డాక్టర్ నూపుర్ తల్వార్ ఇద్దరూ దంతవైద్యులు. ఒక్కగానొక్క కూతురు ఆరుషి. ఇంట్లోనే ఉండి వంట, ఇంటి పనులు చూసుకునే హేమ్‌రాజ్‌ది నేపాల్.

రాత్రి 9:30 ప్రాంతంలో కారు డ్రైవర్ వాళ్లను చూసి వెళ్లాడు. బయటివాళ్లలో ఆరుషిని, హేమ్‌రాజ్‌ను ప్రాణాలతో చివరిసారి చూసింది అతనే. ఆ తర్వాత తల్లిదండ్రులు కూతురికి పుట్టినరోజు కానుకగా డిజిటల్ కెమెరా ఇచ్చారు. రాత్రి 10 దాటాక కూడా అందులో ఫొటోలు తీసుకున్నారు.

మే 16 ఉదయం 6 గంటలకు పనిమనిషి వచ్చి బెల్ కొట్టింది. ఎప్పుడూ తలుపు తీసే హేమ్‌రాజ్ రాలేదు. గ్రిల్ తలుపుకు బయట గడియ ఉందని చెప్పి నూపుర్ బాల్కనీలోంచి తాళాలు కిందికి విసిరారు. పనిమనిషి లోపలికి వచ్చేసరికి ఇంట్లో ఏడుపులు. ఆరుషి తలపై బలమైన గాయం, గొంతుపై కోత.

హేమ్‌రాజ్ కనిపించడం లేదు కాబట్టి అందరి వేలూ అతనివైపే చూపించింది. చంపి పారిపోయాడనుకుని పోలీసులు ఆచూకీ చెప్పినవాళ్లకు రివార్డు కూడా ప్రకటించారు.

అసలు ట్విస్ట్ మే 17న వచ్చింది. పలకరించడానికి వచ్చిన ఒక రిటైర్డ్ పోలీసు అధికారి మేడపైకి వెళ్లే తలుపు దగ్గర రక్తపు మరకలు గమనించారు. తాళం పగలగొట్టి చూస్తే మేడ మీద హేమ్‌రాజ్ శవం ఉంది. అంటే హంతకుడని పోలీసులు ఒక రోజంతా వెతికిన మనిషి, వాళ్ల నెత్తి మీద మేడ పైనే చనిపోయి పడి ఉన్నాడు.

మొదటి కథ: నోయిడా పోలీసులు.. 'తండ్రే చంపాడు'

హేమ్‌రాజ్ శవం దొరకగానే పోలీసుల కథ తలకిందులైంది. మే 23న రాజేష్ తల్వార్‌ను అరెస్ట్ చేశారు. కూతురిని, పనివాడిని చూడకూడని పరిస్థితిలో చూసి కోపంతో చంపేశాడని చెప్పుకొచ్చారు. పరువు హత్య అన్న మాట అక్కడి నుంచే పుట్టింది.

ఈ ఆరోపణకు ఆధారం చూపించిందీ లేదు, రుజువు చేసిందీ లేదు. కానీ ప్రెస్‌మీట్‌లో ఒక ఐజీ స్థాయి అధికారి, చనిపోయిన 13 ఏళ్ల పాప నడవడిక గురించి కెమెరాల ముందు మాట్లాడారు. పైగా ఆ పాప పేరు కూడా తప్పుగా పలికారు. ఆ తర్వాత చాలా రోజులు ఛానళ్లలో అదే చర్చ నడిచింది. తన గురించి ఒక్క మాట చెప్పుకోలేని పిల్ల మీద దేశమంతా తీర్పులు చెప్పేసింది.

ఈలోగా ఆధారాలు చేజారిపోయాయి. మొదటి రోజే బంధువులు, ఇరుగుపొరుగు, మీడియా అందరూ ఆ ఇంట్లో తిరిగారు. సేకరించిన వేలిముద్రల్లో ఎక్కువ భాగం పనికిరాకుండా పోయాయి. మేడపైన గోడ మీద రక్తపు అరచేతి ముద్ర, రక్తంలో షూ ముద్ర ఉన్నాయి. అవి ఎవరివో తేలలేదు. డైనింగ్ టేబుల్ మీద ఒక స్కాచ్ సీసా, దానిపై ఇద్దరి రక్తమూ ఉంది. దాన్ని పట్టుకున్న చెయ్యి ఎవరిదో ఇప్పటికీ తెలియదు.

రెండో కథ: సీబీఐ తొలి బృందం.. 'బయటివాళ్ల పనే'

పోలీసుల తీరుపై విమర్శలు పెరగడంతో అప్పటి యూపీ ముఖ్యమంత్రి మాయావతి కేసును సీబీఐకి సిఫార్సు చేశారు. జూన్ 1న సీబీఐ రంగంలోకి దిగింది. అప్పటి జాయింట్ డైరెక్టర్ అరుణ్ కుమార్ నేతృత్వంలోని బృందం కథను పూర్తిగా మార్చేసింది. తల్వార్ క్లినిక్‌లో పనిచేసే కాంపౌండర్, వేరే ఇళ్లలో పనిచేసే మరో ఇద్దరు ఆ రాత్రి హేమ్‌రాజ్ గదికి వచ్చారని, గొడవ జరిగి హత్యల దాకా వెళ్లిందని వాదన. ముగ్గురినీ అరెస్ట్ చేశారు. సుమారు 50 రోజులు జైల్లో ఉన్న రాజేష్ జులైలో బెయిల్‌పై బయటికొచ్చారు.

ఈ వాదనకు బలం ఎక్కడి నుంచి వచ్చింది? ప్రధానంగా నార్కో పరీక్షల నుంచే. మత్తుమందు ఇచ్చి అడిగిన ప్రశ్నలకు వచ్చిన జవాబులవి. కోర్టులో అవి సాక్ష్యంగా చెల్లవు. మనిషి ఒప్పుకోకుండా ఇలాంటి పరీక్షలు చేయడం రాజ్యాంగ విరుద్ధమని 2010 మేలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది కూడా.

కాంపౌండర్ గదిలో దొరికిన కుక్రీతోనే చంపి ఉంటారన్నారు. కానీ దానిపై మనిషి రక్తం ఉన్నట్టు తేలలేదు. 90 రోజుల్లో ఛార్జిషీట్ వేయలేకపోవడంతో 2008 సెప్టెంబర్‌లో ముగ్గురికీ బెయిల్ వచ్చింది. వాళ్లపై ఎప్పుడూ ఛార్జిషీట్ పడలేదు. చట్టం దృష్టిలో వాళ్లూ నిర్దోషులే.

హైదరాబాద్ ల్యాబ్.. దిండు గలీబు మిస్టరీ

ఈ కేసులో హైదరాబాద్‌కూ ఒక కీలక లింకు ఉంది. డీఎన్ఏ పరీక్షల కోసం కొన్ని వస్తువులను హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీకి పంపారు. 2008 నవంబర్‌లో వచ్చిన రిపోర్టులో ఒక ఊదా రంగు దిండు గలీబు మీద హేమ్‌రాజ్ డీఎన్ఏ ఉన్నట్టు రాశారు. ఆ గలీబు దొరికింది ఎక్కడో కాదు, కాంపౌండర్ గదిలో!

ఇది నిజమైతే కేసు అక్కడే తేలిపోవాలి. హత్య జరిగిన ఇంట్లో లేని మనిషి దిండుకు, హత్యకు గురైన వ్యక్తి రక్తం ఎలా అంటుతుంది? కానీ రెండేళ్లకు పైగా ఆ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 2011లో తల్వార్‌ల లాయర్లు దాన్ని బయటికి తీశారు. రిపోర్టులో రెండు గలీబుల వివరాలు తారుమారయ్యాయని, అది టైపింగ్ పొరపాటని సీబీఐ జవాబిచ్చింది. ఆ తర్వాత ల్యాబ్ నుంచి కూడా అదే వివరణ వచ్చింది.

అది నిజంగా టైపింగ్ తప్పేనా, లేక కేసులో దొరికిన ఒకే ఒక్క గట్టి ఆధారమా? ఈ ప్రశ్న చివరి దాకా కోర్టుల్లో నలుగుతూనే ఉంది.

మూడో కథ: సీబీఐ రెండో బృందం.. మళ్లీ తల్లిదండ్రుల వైపే

2009 సెప్టెంబర్‌లో దర్యాప్తు సీబీఐలోనే కొత్త బృందం చేతికి వెళ్లింది. పనివాళ్లు ముగ్గురూ ఆ రాత్రి ఎవరి చోట వాళ్లే ఉన్నారని ఈ బృందం తేల్చింది. అనుమానం మళ్లీ తల్వార్‌ల మీదికి మళ్లింది. ఆయుధమూ మారింది. కుక్రీ పోయి గోల్ఫ్ స్టిక్, సర్జికల్ బ్లేడ్ వచ్చాయి.

అయితే 2010 డిసెంబర్ 29న సీబీఐ కోర్టులో వేసింది ఛార్జిషీట్ కాదు, క్లోజర్ రిపోర్ట్. అనుమానం రాజేష్ మీదే ఉంది, కానీ కేసు నడపడానికి సరిపడా ఆధారాలు లేవు అన్నది దాని సారాంశం. కేసు మూసేయొద్దని తల్వార్‌లు, దర్యాప్తు కొనసాగించాలని కోరారు. 2011 ఫిబ్రవరి 9న ఘాజియాబాద్ కోర్టు క్లోజర్ రిపోర్టును తిరస్కరించి, దాన్నే ఆధారంగా తీసుకుని భార్యాభర్తలిద్దరినీ నిందితులుగా విచారణకు పిలిచింది. ఆధారాలు చాలవని చెప్పిన సీబీఐ, అదే కేసులో ఇద్దరికీ శిక్ష వేయమని వాదించాల్సి వచ్చింది.

సీబీఐ వాదన సూటిగా ఇదీ: ఇంట్లో నలుగురున్నారు. ఇద్దరు చనిపోయారు. బలవంతంగా తలుపులు పగలగొట్టి వచ్చిన గుర్తులు లేవు. ఆరుషి గది తాళం తల్లిదండ్రుల దగ్గరే ఉంటుంది. పక్క గదిలో ఉండి కూడా ఏమీ వినపడలేదంటున్నారు. అయితే చంపింది మిగిలిన ఇద్దరే.

2013 నవంబర్ 25న ప్రత్యేక సీబీఐ కోర్టు దీన్ని నమ్మి ఇద్దరినీ దోషులుగా తేల్చింది. మరునాడు జీవిత ఖైదు విధించింది. తల్వార్‌లు దాస్నా జైలుకు వెళ్లారు.

హైకోర్టు ఎందుకు కొట్టేసింది?

2017 అక్టోబర్ 12న అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ బీకే నారాయణ, జస్టిస్ ఏకే మిశ్రా ధర్మాసనం ఆ తీర్పును రద్దు చేసింది. కారణాల్లో ముఖ్యమైనవి ఇవీ..

ఒకటి: 'నలుగురిలో ఇద్దరు' అన్న లెక్క. ఆ రాత్రి ఇంకెవరూ లోపలికి రాలేదని ముందు సీబీఐ నిరూపించాలి. అప్పుడే ఏం జరిగిందో చెప్పాల్సిన బాధ్యత ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. హేమ్‌రాజ్ ఇంట్లోనే ఉండేవాడు, అతను తలుపు తీస్తే ఎవరైనా రావచ్చు. బయటివాళ్లు వచ్చి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమని కోర్టు అంది.

రెండు: హేమ్‌రాజ్‌ను ఆరుషి గదిలోనే చంపి పైకి మోసుకెళ్లారన్నది సీబీఐ కథ. కానీ ఆ గదిలో హేమ్‌రాజ్ రక్తం దొరకలేదు. తల్లిదండ్రుల బట్టలపైనా ఆరుషి రక్తమే ఉంది, హేమ్‌రాజ్‌ది లేదు. అతని గదిలో దొరికిన దిండు గలీబును ఆరుషి గదిలో దొరికినట్టు చూపించారని కోర్టు తప్పుపట్టింది.

మూడు: పనిమనిషి సాక్ష్యం. బయట గడియ ఉందా లేదా అన్నది ఆమె మాట మీదే తేలాలి. కానీ తనకు నేర్పిన మాటలే చెబుతున్నానని ఆమె కోర్టులోనే అంది. ఆ సాక్ష్యాన్ని నమ్మలేమంది హైకోర్టు.

నాలుగు: ఇంటర్నెట్ రూటర్ రాత్రంతా ఆన్, ఆఫ్ అవుతూ ఉందని, అంటే తల్లిదండ్రులు మేలుకునే ఉన్నారని వాదన. కానీ మరుసటి రోజు పోలీసులు ఇంట్లో ఉన్నప్పుడు కూడా రూటర్ అలాగే పనిచేసింది. దాన్ని బట్టి ఎవరో మేలుకుని ఉన్నారని చెప్పలేం.

ఐదు: పోస్ట్‌మార్టం రిపోర్టుల్లో లేని విషయాలు, చాలా కాలం తర్వాత డాక్టర్ల వాంగ్మూలాల్లోకి కొత్తగా వచ్చి చేరాయి. పరువు హత్య కథకు అవే ఆధారం. హైకోర్టులో అదీ నిలవలేదు.

కింది కోర్టు జడ్జి సినిమా డైరెక్టర్‌లా జరగని వాటిని ఊహించుకున్నారని, లెక్కల మాస్టారిలా ముందే జవాబు అనుకుని లెక్క చేశారని జస్టిస్ మిశ్రా తన తీర్పులో ఘాటుగా వ్యాఖ్యానించారు. అనుమానం ఎంత బలంగా ఉన్నా రుజువు స్థానంలోకి రాదన్నది ధర్మాసనం మాట. అక్టోబర్ 16న తల్వార్‌లు జైలు నుంచి విడుదలయ్యారు.

సినిమా కూడా వచ్చింది, కానీ..

2015లో మేఘనా గుల్జార్ దర్శకత్వంలో, ఇర్ఫాన్ ఖాన్ హీరోగా ఈ కేసు ఆధారంగా 'తల్వార్' సినిమా వచ్చింది. ఒకే రాత్రిని వేరువేరు కోణాల్లో చూపించిన ఆ సినిమా చూశాక చాలామంది ఒక నిర్ణయానికి వచ్చేశారు. కానీ సినిమాలో దృశ్యం కళ్లముందు కనిపిస్తుంది, కేసు ఫైల్‌లో మాత్రం ఆ దృశ్యం చూసిన సాక్షి ఒక్కరూ లేరు. మూడు కథలూ ఊహ మీద మొదలై, ఆధారాల దగ్గరికొచ్చి ఆగిపోయినవే.

మర్చిపోయిన రెండో పేరు

ఇన్నేళ్లూ అందరూ 'ఆరుషి కేసు' అనే అన్నారు. చనిపోయింది ఇద్దరు. హేమ్‌రాజ్ పేరు మొదటి రోజు హంతకుడిగా, తర్వాత పరువు హత్య కథలో భాగంగా వినిపించింది తప్ప బాధితుడిగా వినిపించింది తక్కువ. పనికోసం దేశం దాటి వచ్చిన మనిషి. నేపాల్‌లో ఉన్న అతని కుటుంబానికి కూడా, ఎవరు చంపారో ఈ వ్యవస్థ చెప్పలేకపోయింది.

ఇప్పుడు కేసు ఎక్కడుంది?

హైకోర్టు తీర్పుపై హేమ్‌రాజ్ భార్య, ఆ తర్వాత సీబీఐ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2018లో సుప్రీంకోర్టు ఆ అప్పీళ్లను విచారణకు స్వీకరించింది. హైకోర్టు తీర్పు ప్రకారం తల్వార్ దంపతులు నిర్దోషులు. కాంపౌండర్, మిగతా ఇద్దరిపై ఏ కేసూ నిలవలేదు. జంట హత్యలకు ఇప్పుడు శిక్ష అనుభవిస్తున్న దోషి ఎవరూ లేరు.

కేసు ఈ స్థితికి రావడానికి మొదటి 24 గంటలే కారణమని వెనక్కి తిరిగి చూస్తే అర్థమవుతుంది. ఆ రోజు ఇంటిని సీల్ చేసి ఉంటే, మేడ తలుపు ఆ రోజే తెరిచి ఉంటే, అరచేతి ముద్రను, సీసాను జాగ్రత్తగా భద్రపరిచి ఉంటే ఈ మూడు కథల్లో ఏది నిజమో, లేదా మూడూ కాదో, అప్పుడే తేలి ఉండేది. ఆ తర్వాత ఎన్ని నార్కో పరీక్షలు చేసినా, ఎన్ని బృందాలు మారినా, పోయిన ఆ ఒక్క రోజు మాత్రం తిరిగి దొరకలేదు.