డిక్కీ తలుపు తలమీద పడకుండా

కోదాడ మీదుగా హైదరాబాదు–విజయవాడ రోడ్డు పోతుంది. ఈ రోడ్డు మీద ఎన్నో కార్లు, వ్యాన్లు తిరుగుతాయి. మారుతి ఓమ్ని వ్యాను మీరు చూసే ఉంటారు. అది మన దేశంలో 1984లో వచ్చింది. 2019లో దాని తయారీ ఆగిపోయింది. అయినా పాత బండ్లు ఇంకా నడుస్తున్నాయి.

మొన్న ఒక పెళ్ళికి అలాంటి బండిలోనే పోయాం. సామాను దింపేటప్పుడు డ్రైవరు డిక్కీ తలుపు కింద కర్ర పోటు పెట్టాడు.

"కర్ర ఎందుకన్నా?" అని అడిగాను.

"రాడ్లు పోయినై టీచరమ్మా. కర్ర లేకుంటే తలుపు ఆగదు" అన్నాడు.

అంతలో సంచీ తగిలి కర్ర జారింది. తలుపు ధన్‌మని పడింది. అప్పుడే ఒక పిల్లవాడు దాని కింద నుంచి పక్కకు జరిగాడు. లేకుంటే ఏమయ్యేది?

ఆ రాడ్ల సంగతి తెలుసుకుందాం.

తలుపుకు అటొకటి, ఇటొకటి రాడ్లు ఉంటాయి. ఒక్కో రాడ్డులో లావు గొట్టం, సన్న కడ్డీ ఉంటాయి. గొట్టంలో నైట్రోజన్ అనే గ్యాసును గట్టిగా కూరి నింపుతారు. కొంచెం నూనె కూడా పోస్తారు. ఆ గ్యాసే కడ్డీని బయటికి నెట్టి తలుపును ఆపుతుంది. టైరులో గాలి కంటే దీని ఒత్తిడి పది రెట్లకు పైనే ఉంటుంది.

కడ్డీ బయటికి వచ్చే చోట ఒక సీలు ఉంటుంది. అది అరిగితే గ్యాసు పోతుంది. అప్పుడు ఎత్తిన తలుపు మెల్లగా కిందికి జారుతుంది. కడ్డీ మీద నూనె కనిపిస్తుంది. చలికాలం పొద్దున ఇంకా ఎక్కువ జారుతుంది. చల్లబడితే గ్యాసు ఒత్తిడి తగ్గుతుంది మరి.

రాడ్లు ఎక్కువ రోజులు రావాలంటే కడ్డీని మెత్తని గుడ్డతో తుడవండి. గరుకు కాగితంతో రుద్దొద్దు. పటకారుతో పట్టొద్దు. కడ్డీ మీద గీత పడితే సీలు తెగుతుంది.

రాడ్లు మార్చాలంటే ఇద్దరు కావాలి. ఒకరు తలుపును పూర్తిగా ఎత్తి గట్టిగా పట్టుకోవాలి. ఇంకొకరు రాడ్డు చివర ఉన్న క్లిప్పును చిన్న స్క్రూడ్రైవరుతో కొంచెం లేపి, రాడ్డును లాగాలి. ఒకటి బిగించాకే రెండోది విప్పాలి. తలుపు మూసినప్పుడు కడ్డీ కిందికి ఉండేట్టు బిగించాలి. అప్పుడు నూనె సీలు దగ్గర చేరి దాన్ని తడిగా ఉంచుతుంది. ఒక్కటే పోయినా రెండూ మార్చండి. లేకుంటే తలుపు ఒక పక్కకు లాగుతుంది.

గొట్టం మీద అంకెలు ఉంటాయి. అంకెలు మనకు వచ్చు గదా! వాటిని కాగితం మీద రాసుకొని షాపుకు తీసుకుపోండి. అవే అంకెలున్న రాడ్లు అడగండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. పాత రాడ్డును మంటలో వెయ్యొద్దు. కొయ్యొద్దు. రంధ్రం పెట్టొద్దు. తలుపును ఆపలేకపోయినా లోపల గ్యాసు మిగిలే ఉంటుంది. అది పేలితే ఇనుప ముక్కలు ఎగిరి కళ్ళు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఈ హెచ్చరిక గొట్టం మీదే ఉంటుంది. కానీ చాలావాటి మీద ఇంగ్లీషులో ఉంటుంది. అందుకే ఇక్కడ తెలుగులో రాశాను. పాత ఇనుము కొనేవాళ్ళకు కూడా చదివి వినిపించండి.

మీ ఊరి బండికి కర్ర పోటు ఉందా? రేపే చూడండి.